కోయ కళా బృందం పెడుతున్నారా? ముందు ఈ పనులు చూసుకోండి

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం, నవంబరు 15 బిర్సా ముండా జయంతి, భద్రాచలంలో ముక్కోటి, శ్రీరామనవమి, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఈ తేదీలు దగ్గరపడితే ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో కొమ్ము కోయ నృత్యానికి పిలుపులు మొదలవుతాయి. ఫోన్ వస్తుంది, నలుగురు కుర్రాళ్లు పదిమందిని పోగుచేస్తారు, డోళ్లు సర్దుకుంటారు, బండి ఎక్కుతారు. బృందం పుట్టడం ఇలాగే. రెండో ఏడు వచ్చేసరికి వాటిలో చాలా బృందాలు కనిపించవు. ఆట రాక చెదిరిపోయిన బృందం నేనైతే చూడలేదు. డబ్బు లెక్క తేలక విడిపోయినవి, పెద్దలను అడగకుండా వేదికెక్కి ఊళ్లో మాట పడినవి, ఒకరి పేరు మీదే అన్నీ ఉండి ఆ ఒక్కరు వెళ్లిపోతే ఆగిపోయినవి చూశాను.

మీకు పేరు కావాలి, సంపాదన కావాలి, మన ఆట నలుగురూ చూడాలన్న కోరికా ఉంది. మూడూ న్యాయమైనవే. మూడూ దక్కాలంటే ఆట నేర్చుకున్నంత శ్రద్ధగా పని పద్ధతి కూడా నేర్చుకోవాలి.

మొదటి పని పెద్దల అనుమతి. చాలామంది దీన్ని మర్యాద కింద లెక్కేసి, వెళ్లొచ్చాక చెబుదాంలే అనుకుంటారు. తర్వాత వచ్చే గొడవల్లో సగం ఇక్కడ మొదలవుతాయి. కోయలలో ప్రతి ఇంటిపేరూ గట్టు అనే ఒక వంశ విభాగం కిందికి వస్తుంది. ఆ గట్టుకు తన వేల్పులు, తన కథ, ఆ కథను బొమ్మలుగా చూపే పడిగె అనే జెండా ఉంటాయి. పడిగెను ఊరికే విప్పరు. దానికి సమయం ఉంది, చేయాల్సిన కొలుపు ఉంది, డోలి మీద ఆ కథ చెప్పే హక్కున్న కుటుంబాలు ఉన్నాయి. ఇవేమీ తెలియని ఈవెంట్ మేనేజర్ ‘బ్యాక్‌డ్రాప్‌కి ఆ జెండా బొమ్మ బాగుంటుంది, ఫొటో పంపండి, ఫ్లెక్స్ కొట్టిస్తా’ అంటాడు. మీరు పంపేస్తారు. ఆ ఫ్లెక్స్ మర్నాడు ఏ మురుగుకాలువ పక్కన పడి ఉంటుందో ఆలోచించండి. దాన్ని మీ గట్టు పెద్ద ఫోన్‌లో చూస్తే ఆ తర్వాత మీకు ఏ పాటా నేర్పడు.

అందుకే బృందం మొదలుపెట్టేటప్పుడే ఊరి పెద్ద, కొలుపు చేసే వడ్డె, డోలి తెలిసినవాళ్లు, రేల పాటలు తెలిసిన ఆడవాళ్లు అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. అడగాల్సింది సూటిగా అడగండి. ‘తాతా, ఈ పాట బయట వేదిక మీద పాడొచ్చా? ఈ వరుస పెళ్లిలోనే ఆడాలా, ఎక్కడైనా ఆడొచ్చా? ఈ డోలు దెబ్బ కొలుపుదా, ఆటదా?’ వాళ్లు చెప్పినదాన్ని నోటుబుక్కులో మూడు వరసలుగా రాసుకోండి. ఎక్కడైనా ఆడదగినవి, అడిగి ఆడాల్సినవి, బయటికి తేకూడనివి. మూడో వరసలో ఉన్నదాన్ని ఎంత ఫీజు ఇస్తామన్నా ముట్టుకోవద్దు. ‘పూజ సీన్ ఒకటి పెట్టండి, జనానికి నచ్చుతుంది’ అని అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. ఆ నోటుబుక్కు ఉంటే వాళ్లకు మీరు చెప్పే జవాబు బృందం మొత్తం మాట అవుతుంది, మీ ఒక్కరి మొండితనంగా కనపడదు.

ఆదిలాబాద్ వైపు గోండుల గుస్సాడీని చూడండి. అది దీపావళి వేళ దండారీ పండుగలో నియమాలతో కట్టే వేషం. నెమలి ఈకల టోపీకి పూజ ఉంది, వేషం కట్టినవాళ్లకు కట్టుబాట్లు ఉన్నాయి. ఆ ఆటనే గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారు బయటి వేదికల దాకా తీసుకెళ్లారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నియమం ఉన్న కళ బయటికి రాకూడదని ఎవరూ అనరు. ఏది ఎంతవరకు రావాలో తేల్చేది ఆ కళ ఎవరిదో వాళ్లే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ సకిని రామచంద్రయ్య గారు. మణుగూరు మండలం కూనవరం. చదువు లేదు. డోలి మీద సమ్మక్క సారలమ్మ కథ, కోయ వీరుల కథలు, వంశాల చరిత్ర నోటికి చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునే అవకాశం ఇక లేదు. మీ చుట్టుపక్కల ఊళ్లలో డోలి తెలిసినవాళ్లు ఇంకా ఉంటే, వాళ్ల దగ్గర నేర్చుకోవడమే మీ బృందానికి అసలు పెట్టుబడి. కొత్త డ్రెస్సులు, బ్లూటూత్ స్పీకరు తర్వాత కొనుక్కోవచ్చు.

ఇలాంటి చిక్కులు మనకే అనుకోకండి. ఆస్ట్రేలియాకూ పపువా న్యూగినీకీ మధ్య టోరెస్ జలసంధిలో రెండు వందలకు పైగా దీవులు ఉన్నాయి. అక్కడివాళ్లు ఆటలో తలకు పెట్టుకునే ఈకల కిరీటం పేరు ధరి. 1992లో వచ్చిన వాళ్ల జెండా మధ్యలో ఉన్నది ఆ కిరీటం బొమ్మే. మనకు కొమ్ముల తలపాగా ఎంతో వాళ్లకు ధరి అంత. ఫలానా పాట, ఫలానా ఆట ఫలానా కుటుంబానివి అన్న లెక్క అక్కడా ఉంది. బయటి నాటక సంస్థలు, సినిమావాళ్లు అడక్కుండా వాడుకుంటుంటే ఆదివాసీ కళాకారులు ఊరుకోలేదు. 2002లో ఆస్ట్రేలియా కళా మండలి ఒక నియమావళి ప్రచురించింది. ముందుగా సంప్రదించి అనుమతి తీసుకోవాలి, రహస్యంగా ఉంచాల్సినవి ఉంచాలి, ఎవరి కళో వాళ్ల పేరు చెప్పాలి, వచ్చినదాంట్లో న్యాయమైన వాటా ఇవ్వాలి. 2004లో థర్స్‌డే ఐలాండ్‌లో గాబ్ టిటూయి అనే సాంస్కృతిక కేంద్రం తెరుచుకుంది. దీవుల కళాకారులు తమ పనిని అక్కడే పెట్టి చూపించుకుంటారు, అమ్ముకుంటారు. ఆ నియమావళిలోని నాలుగు మాటలూ మీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోదగ్గవే.

ఇక తలపాగాకు కట్టే అడవిదున్న కొమ్ముల సంగతి. దీని గురించి కుర్రాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పరు. అడవిదున్న 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాని కొమ్ములు యాజమాన్య ధ్రువపత్రం లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. తాతల నాటివని మీకు తెలుసు, చెక్‌పోస్టులో నిలబెట్టిన బీట్ ఆఫీసరుకు ఆ కబురు చెల్లదు. అసలే ఇది సరిహద్దు ప్రాంతం. భద్రాచలం దాటితే ఆంధ్రా, ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్. బండి రాష్ట్రం దాటుతుంటే కాగితం లేని కొమ్ములు పైన కట్టుకోవడం బృందాన్నంతటినీ కేసులో ఇరికించడమే. ఊళ్లో పాత కొమ్ములు ఉంటే వాటి కాగితాల సంగతి అటవీ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోండి. అది తేలేదాకా వేదికకు తీసుకెళ్లొద్దు. ప్రయాణాలకు కొయ్యతోనో ఫైబర్‌తోనో చేయించినవి వాడండి. కొయ్యవి బరువు ఎక్కువ, ఎండలో గంటసేపు నిలబడితే మెడ పట్టేస్తుంది. లోపల మెత్తటి గుడ్డ చుట్ట వేసి, గడ్డం కింద కాకుండా తల వెనక తాడు బిగిస్తే కొంత మేలు. నెమలి ఈకలు రాలినవైతే దేశంలో ఇబ్బంది లేదు, విదేశాలకు పట్టుకెళ్లడం నిషిద్ధం. విదేశీ ప్రదర్శనకు పిలుపొస్తే విమానం ఎక్కే ముందే ఈ విషయం నిర్వాహకులతో తేల్చుకోవాలి.

డోలుకు కూడా ముందే ఏర్పాటు కావాలి. వానాకాలంలో తోలు చెమ్మబట్టి డోలు మొద్దుగా మోగుతుంది. సెగ చూపిస్తేగానీ బిగువు రాదు. ఆడిటోరియంలో నిప్పు పెట్టనివ్వరు. అందుకని నిర్వాహకుడితో మాట్లాడేటప్పుడే ‘బయట సెగ పెట్టుకోవడానికి చోటు, ప్రదర్శనకు ముందు అరగంట టైమ్’ అని అడిగి రాయించుకోండి. ఆగస్టు కార్యక్రమాలకు ఇది మరీ అవసరం.

డబ్బు దగ్గరికి వద్దాం. ఒక లెక్క వేసి చూపిస్తాను. 14 మంది బృందం, నేర్పిన పెద్దాయన ఒకరు. ఫీజు 40,000 రూపాయలు అనుకుందాం. బండికి 9,000, తిండికి 3,000 పోతే 28,000 మిగిలింది. అందులో 4,000 బృందం నిధికి తీసిపెట్టండి. మిగతా 24,000లో ఒక్కొక్కరికి ఒక వాటా, పెద్దాయన ప్రయాణానికి రాకపోయినా ఆయనకు రెండు వాటాలు. మొత్తం 16 వాటాలు. వాటాకు 1,500, పెద్దాయనకు 3,000. లెక్క బాగుంది, అందరూ సరే అన్నారు.

ఇప్పుడు జరిగేది చూడండి. ఒకే సంస్థ ఆ ఏడాది ఇచ్చే మొత్తం టీడీఎస్ పరిమితి దాటితే 10 శాతం కోసి 36,000 వేస్తారు. మీరు ముందే తలా 1,500 అని చెప్పేసి ఉన్నారు. ఇప్పుడు వాటా 1,250కి దిగింది. ‘మిగతా 250 ఎవరు తిన్నారు?’ అన్న ప్రశ్న వచ్చింది. బృందం లీడరు ఎంత నిజాయితీపరుడైనా ఆ ప్రశ్న పడ్డాక కోలుకోవడం కష్టం. కాబట్టి ఫీజు మాట్లాడిన రోజే చేతికొచ్చేది ఎంతో లెక్కేసి, ఆ తక్కువ అంకెనే అందరికీ చెప్పండి. కోసిన పన్ను ఎక్కడికీ పోదు, బృందం పాన్ మీద రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను పోను మిగిలింది తిరిగి వస్తుంది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం కోస్తారు. ‘ఎస్టీలకు ఇన్‌కం ట్యాక్స్ లేదు’ అని ఎవరో చెప్పిన మాట నమ్మి పాన్ తీసుకోనివాళ్లు ఉన్నారు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లాంటి కొన్ని ప్రాంతాల ఎస్టీలకే, తెలంగాణకు వర్తించదు.

ఇంకో సమస్య ఆలస్యం. ప్రభుత్వ కార్యక్రమమైతే బిల్లు ట్రెజరీ నుంచి రావాలి, నెలలు పట్టొచ్చు. బండివాడు, హోటలువాడు అంతదాకా ఆగరు. ఆ 12,000 ముందే మీ చేతి నుంచి పోతుంది. బృందం నిధి అందుకే. నిధి లేని బృందం వడ్డీకి తెచ్చి ఆడుతుంది, వచ్చిన ఫీజు వడ్డీకి పోతుంది. మొదటి మూడు నాలుగు ప్రదర్శనల్లో వాటాలు కాస్త తగ్గించుకుని అయినా, ఒక ట్రిప్పు ఖర్చు నిధిలో ఎప్పుడూ ఉండేలా చూసుకోండి.

పిలుపు ఫోన్‌లో వస్తే, ఆ ఫోన్ పెట్టగానే వాట్సాప్‌లో రాసి పంపండి. తేదీ, చోటు, ఎంతమంది, ఎంతసేపు, ఫీజు, బండి ఎవరిది, తిండి బస ఎవరివి, అడ్వాన్స్ ఎంత. ‘ఓకే’ అని జవాబు వచ్చేదాకా బండి మాట్లాడొద్దు. ప్రభుత్వ శాఖ అయితే ఉత్తర్వు కాపీ అడగండి. ప్రదర్శన అయ్యాక అక్కడి అధికారి సంతకం, ఫొటోలు తీసుకునే బయల్దేరండి. వారం తర్వాత వెళ్తే ఆ అధికారి బదిలీ అయి ఉండొచ్చు. ‘ఎంతసేపు’ అన్న మాట వదలకండి. స్వాగత నృత్యం పది నిమిషాలే అంటారు. వచ్చేవారి కాన్వాయ్ ఆలస్యమైతే కొమ్ములు పెట్టుకుని మూడు గంటలు ఎండలో నిలబడేది మీరే. గంట దాటితే నీడలో కూర్చోబెట్టాలి, నీళ్లివ్వాలి అని ముందే రాయించుకుంటే అడగడానికి నోరు వస్తుంది.

రిజిస్ట్రేషన్ చేయించుకోవాలా అని అడుగుతుంటారు. ఏడాదిలో నాలుగైదు ప్రదర్శనలు వస్తుంటే చేయించుకోవడమే మేలు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర అవుతుంది. ఆ తర్వాత సంఘం పేరు మీద పాన్, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీయగలిగే బ్యాంకు ఖాతా. ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయితే మంచిది, ఆటలో సగం వాళ్లదే. ఏటా సభ్యుల జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కు పంపాలి. అది మానేసిన సంఘాలు గ్రాంటుకు అప్లై చేసే రోజున ఇబ్బంది పడతాయి. యూట్యూబ్ ఛానల్, ఇన్‌స్టాగ్రామ్, బృందం మెయిల్ అన్నీ ఒకే కుర్రాడి సొంత ఫోన్ నంబరుతో తెరవొద్దు. రేపు అతను ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తే, లేదా మనసు కష్టపెట్టుకుంటే, మీ అయిదేళ్ల వీడియోలన్నీ అతనితో పోతాయి.

సరిహద్దు ఊళ్లవాళ్లకు మరో చిక్కు ఉంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. కూనవరం (మణుగూరు దగ్గరిది కాదు), వీఆర్ పురం, చింతూరు వైపు మేనమామ ఊరు, భద్రాచలంలో మన ఊరు. బంధుత్వాలు ఒకటే, ఆట ఒకటే, ఐటీడీఏలు మాత్రం వేర్వేరు. భద్రాచలం ఐటీడీఏ పథకానికి పేర్లు ఇచ్చేటప్పుడు అటువైపు సభ్యులను కలిపి రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయలకు తెలంగాణలో ఎస్టీ ధ్రువపత్రం దొరకడం లేదు. వాళ్లు బృందంలో ఉంటే, ధ్రువపత్రం అడగని ప్రైవేటు ప్రదర్శనలు, జోనల్ కేంద్రాల ఉత్సవాలు ఏవో చూసి వాళ్లకు సమానంగా అవకాశం ఇవ్వండి. లేని పత్రం ఉన్నట్టు రాయొద్దు.

జోనల్ కేంద్రాలు అన్నాను. నాగపూర్‌లోని దక్షిణ మధ్య క్షేత్ర సాంస్కృతిక కేంద్రం, తంజావూరులోని దక్షిణ క్షేత్ర సాంస్కృతిక కేంద్రం రెండింటిలోనూ తెలంగాణ సభ్య రాష్ట్రం. కళాకారుల జాబితాలో బృందం పేరు నమోదు చేయించుకుంటే బయటి రాష్ట్రాల ఉత్సవాలకు పిలుపు రావచ్చు, ప్రయాణ ఖర్చులు, గౌరవ వేతనం వాళ్ల లెక్క ప్రకారం ఇస్తారు. తంజావూరు కేంద్రం పరిధిలో అండమాన్, లక్షద్వీప్ కూడా ఉన్నాయి. మన అడవి ఆటను దీవులవాళ్లూ, వాళ్ల ఆటను మనమూ చూసే అవకాశం అటునుంచి రావచ్చు. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. గురువు దగ్గర ఇంతకాలం నేర్చుకున్నట్టు రుజువు అడుగుతారు. మీకు నేర్పిన పెద్దాయన సంతకం లేదా వేలిముద్రతో ఒక పత్రం ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

వీడియోలు తీసేవాళ్ల విషయంలో జాగ్రత్త. సంప్రదాయ పాటకు కాపీరైట్ లేదని చెప్పి రికార్డు చేసుకుపోతారు. పాటకు లేకపోవచ్చు, పాడినవాళ్లకు హక్కుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శించిన కళాకారుడి అనుమతి లేకుండా ఆ ప్రదర్శనను రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోకూడదు, ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. సినిమా యూనిట్ వచ్చి ‘ఒక బీట్ కొట్టండి, రిఫరెన్స్‌కి’ అంటే, ఎక్కడ వాడతారు, ఎంత ఇస్తారు, పేరు వేస్తారా అన్న మూడు ముక్కలు కాగితం మీద పడ్డాకే డోలు మెడకెత్తండి. ఒక ఆడియో కంపెనీ మీ రికార్డింగును తన పేరిట యూట్యూబ్‌లో నమోదు చేసుకుంటే, రేపు మీ పాట మీరు పెట్టుకున్నా మీ వీడియో మీదే క్లెయిమ్ పడుతుంది.

మీరు చేసే రికార్డింగులకూ పద్ధతి ఉండాలి. పెద్దవాళ్ల పాట ఫోన్‌లో తీస్తే పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడతారో, బయటికి చూపొచ్చో లేదో ఆ ఫైలుతోనే రాసి పెట్టండి. ఒక కాపీ ఊళ్లో ఉండాలి. భద్రాచలం ఐటీడీఏ మ్యూజియానికో, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని గిరిజన పరిశోధన సంస్థకో కాపీ ఇస్తే రసీదు తీసుకోండి.

కొత్తగా చేయాలన్న తపన మీకుంటుంది. ఉండాలి కూడా. కోయ భాషలో ర్యాప్, పోలవరం ముంపు మీద నాటకం, పడిగె బొమ్మల తీరులో మీరు కొత్తగా గీసిన బొమ్మలతో టీషర్టులు. పెద్దవాళ్లు వీటన్నిటికీ అడ్డం చెబుతారని అనుకోవద్దు. వాళ్లకు నచ్చనిది కొత్తదాన్ని పాతదిగా చెప్పి అమ్మడం. డీజే బీట్ కలిపిన రేల పాటను ‘ప్రాచీన కోయ సంప్రదాయం’ అని అనౌన్స్ చేయించొద్దు. ‘పాత వరుస, ఫలానా ఊరి పెద్దలు నేర్పింది’, ‘కొత్త వరుస, మా బృందం కట్టింది’ అని రెండుగా చెప్పించండి. ఇలా చెబితే కొత్త వరుసకు మీ పేరు నిలుస్తుంది, రేపు దాన్ని వేరేవాళ్లు ఎత్తుకుపోతే మీదని చెప్పుకోవడానికి ఆధారమూ ఉంటుంది. వేల్పుల బొమ్మ టీషర్టు మీదికి ఎక్కించాలంటే మాత్రం మళ్లీ గట్టు పెద్దల దగ్గరికి వెళ్లాల్సిందే.

రిహార్సల్ క్యాలెండరు పనుల క్యాలెండరును బట్టి వేయండి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరాలి, ఆ తర్వాత తునికాకు, జూన్ నుంచి సాగు, చలికాలం చివర్లో మిరప కోతలు. కోతల్లో రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చిన పిల్లకు మీరు 1,250 చేతిలో పెడితే ఆమెకు మిగిలింది ఎంతో లెక్కేయండి. ఆ సీజన్‌లో ఫీజు పెంచి అడగండి, ఇవ్వకపోతే వదులుకోండి.

ప్రయాణంలో ఒకే ఒక్క నియమం కచ్చితం. ట్రాలీలో, సరుకుల బొలెరోలో మనుషులను ఎక్కించొద్దు. మారేడుమిల్లి ఘాట్‌లో బండి బోల్తాపడితే సరుకు బండిలో ఉన్న మనుషులకు బీమా పరిహారం రావడం దాదాపు కల్ల. 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి సభ్యుడికీ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా నిధి నుంచే కట్టించండి, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 18 లోపు పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకం, ఆశ్రమ పాఠశాల పిల్లలైతే హెడ్మాస్టరు అనుమతి, ఆడపిల్లలుంటే తోడుగా పెద్ద వయసు స్త్రీ ఒకరు. ఆ తోడు మనిషికీ ఒక వాటా కట్టండి.

ఇవన్నీ ఒక్కరోజులో కావు. ఈ నెలలో రెండే చేయండి. పెద్దలను కూర్చోబెట్టి ఆ మూడు వరసల నోటుబుక్కు రాయండి. వాటాల లెక్క ఒక పేజీలో రాసి అందరి చేతా సంతకం పెట్టించండి. ఈ రెండూ అయ్యేదాకా తర్వాతి పిలుపుకు ఒప్పుకోకండి.